కాలేయాన్ని దాటిపోయే మాత్ర

కండలు పెంచే హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను మాత్రగా మింగితే కండకు చేరేది చాలా తక్కువ. పేగుల నుంచి రక్తం ముందు కాలేయానికే వెళ్తుంది, అక్కడే చాలావరకు విరిగిపోతుంది. ఆ కాపలా దాటించడానికి అణువులో 17వ కార్బన్ దగ్గర ఒక మిథైల్ సమూహం తగిలిస్తారు. మెథాస్టెరోన్ అనే స్టెరాయిడ్ మాత్ర అలా పుట్టిందే. 1950లలో తయారైనా మందుల షాపుకెక్కలేదు. 2005లో అమెరికాలో ‘సూపర్‌డ్రాల్’ పేరుతో సప్లిమెంటుగా అమ్మారు, 2012లో అక్కడి ప్రభుత్వం దాన్ని నియంత్రిత స్టెరాయిడ్లలో చేర్చింది. దీన్ని కొందరు ప్రోహార్మోన్ అంటారు, అది తప్పు. ప్రోహార్మోన్ ఒంట్లోకి వెళ్లాక హార్మోన్‌గా మారాలి, ఇది మింగేటప్పటికే స్టెరాయిడ్.

మాత్రను కాపాడే ఆ మిథైలే కాలేయానికి ముప్పు. పైత్యరసాన్ని బయటికి తోసే పని మందగించి, ఆ రసం రక్తంలోకి ఎగదన్నుతుంది. ముందు దురద మొదలవుతుంది: ఒంటిమీద దద్దుర్లు ఉండవు, అరచేతులూ అరికాళ్లూ రాత్రిళ్లు నిద్రపోనివ్వవు. మూత్రం డికాక్షన్ రంగుకు, మలం సున్నం రంగుకు తిరుగుతాయి. కళ్లు పచ్చబడేది ఆ తర్వాత. మాత్రలు ఆపేశాక కూడా కామెర్లు కొన్ని వారాలు ముదరవచ్చు.

రక్తపరీక్ష రిపోర్టు చదవడంలోనే చాలామంది పొరబడతారు. వైరల్ కామెర్లలో ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) వేలల్లోకి వెళ్లడం మామూలు. ఇక్కడ అది కొన్ని వందలు దాటకపోవచ్చు, కానీ కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్, 1.2 లోపు ఉండాల్సింది, 20 కూడా దాటిపోవచ్చు. పైగా బరువులెత్తేవాళ్లకు కండరాల నుంచి కూడా ఎస్‌జీపీటీ పెరుగుతుంది, కాబట్టి “జిమ్ వల్లేలే” అనుకుంటారు. బిలిరుబిన్ మాత్రం కండరాల అలసటతో అంతగా పెరగదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూపించాలి, ఎందుకంటే బిలిరుబిన్ బాగా ఎక్కితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పే పీటీ ఐఎన్ఆర్ పరీక్ష కూడా అవసరం: పైత్యరసం పేగుకు అందకపోతే, గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె ఒంటపట్టదు, పళ్లు తోముకుంటేనే చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది. ఇక మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ కొద్ది వారాల్లోనే పడిపోతుంది, వృషణాలు సొంతంగా టెస్టోస్టెరాన్ తయారుచేయడం తగ్గించేస్తాయి.

బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉండే కుర్రాడికి కళ్లు పచ్చబడితే ఇంట్లోవాళ్లు చెప్పే మాట ఒకటే: “రాత్రి బస్సెక్కి వచ్చెయ్, ఆకు పసరు పోయిద్దాం.” దయచేసి ఆ బస్సు ఎక్కొద్దు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. దీనికి విరుగుడు మందు లేదు. మాత్ర మానడమే అసలు చికిత్స, దురదకు వాడే మందులు ఉపశమనానికి మాత్రమే. మాత్రతోపాటు ‘లివర్ సపోర్ట్’ టాబ్లెట్లు వేసుకున్నా ఈ నష్టం ఆగుతుందన్న భరోసా లేదు. చాలామందికి రెండు మూడు నెలల్లో నయమవుతుంది, అయితే ఆ నెలలన్నీ డాక్టరు కళ్లముందే గడవాలి.

డబ్బా మీద ‘17ఆల్ఫా’, ‘మిథైల్’ రెండూ కలిసి కనిపిస్తే కొనకండి. మన దేశంలో ఫుడ్ సప్లిమెంటులో స్టెరాయిడ్ కలపకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం. ఇప్పటికే వేసుకున్నవాళ్లు సిగ్గుపడి దాచొద్దు. లేబుల్ మీద రాసిందే లోపల ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి, మిగిలిన మాత్రలతో సహా డబ్బాను డాక్టరు బల్లమీద పెట్టండి.