పల్లవి ఆఖర్న వచ్చే పాట

టీవీ సిరీస్ వల్ల పాత పాట మళ్లీ లేచి కూర్చుందంటే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది కేట్ బుష్. 1985 నాటి ఆమె పాట ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ పుణ్యమా అని బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అంతకు పదిహేనేళ్ల ముందే ఆ దారిన నడిచిన పాట ఇంకోటుంది: అమెరికన్ రాక్ బృందం జర్నీ 1981లో తెచ్చిన ‘డోంట్ స్టాప్ బిలీవిన్’.

కీబోర్డు వాయించే జొనాథన్ కెయిన్ కుర్రతనంలో లాస్ ఏంజెలెస్‌లో అవకాశాల కోసం తిరిగేవాడు. చేతిలో డబ్బాడక షికాగోలోని తండ్రికి ఫోన్ చేస్తే, నమ్మకం మాత్రం వదలకురా అన్నాడట ఆయన. ఆ మాటను నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాడు. జర్నీలో చేరాక, ‘ఎస్కేప్’ ఆల్బమ్‌కి ఇంకో పాట కావాల్సొచ్చినప్పుడు ఆ మాట అక్కరకొచ్చింది. గాయకుడు స్టీవ్ పెర్రీ, గిటారిస్టు నీల్ షాన్, కెయిన్ ముగ్గురూ కలిసి పాట కట్టారు. అందులో వినపడే ‘సౌత్ డెట్రాయిట్’ అనే చోటు అసలు లేనేలేదు. డెట్రాయిట్ నడిబొడ్డు నుంచి దక్షిణంగా నది దాటితే తగిలేది కెనడా. పెర్రీ చెవికి ఆ శబ్దం బాగుంది, అంతే.

మనం పల్లవితో ఎత్తుకుంటాం, చరణం కాగానే మళ్లీ పల్లవికొస్తాం. ఇక్కడ అంతా తలకిందులు. నాలుగు నిమిషాల పైచిలుకు పాటలో టైటిల్ మాట వినపడేది మూడు నిమిషాలు దాటాకే. అంతదాకా పియానో, అర్ధరాత్రి రైలెక్కిన ఓ అమ్మాయి, ఓ అబ్బాయి, వీధిదీపాల కింద జనం. అమెరికా చార్టులో 9వ స్థానం దాకా వెళ్లింది. బ్రిటన్‌లో 62 దగ్గరే ఆగిపోయింది. విమర్శకులు జర్నీ సంగీతాన్ని కంపెనీ సరుకన్నారు. 1987లో బృందమే చెల్లాచెదురైంది.

2003లో ‘మాన్‌స్టర్’ సినిమాలో, 2005లో షికాగో వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు గెలుపు సంబరాల్లో పాట మళ్లీ వినపడింది. అసలు మలుపు మాత్రం 2007 జూన్ 10 రాత్రి. హెచ్‌బీఓలో ‘ది సోప్రానోస్’ ఆఖరి ఎపిసోడ్, ఆఖరి సీను. న్యూజెర్సీలో చిన్న హోటల్. మాఫియా నాయకుడు టోనీ టేబుల్ మీదున్న, నాణెం వేస్తే కోరిన పాట వినిపించే జ్యూక్‌బాక్స్‌లో ఈ పాట పెడతాడు. భార్య వస్తుంది, కొడుకు వస్తాడు, ఉల్లిపాయ రింగులు తింటుంటారు. బయట కూతురు కారు పార్క్ చేయలేక తంటాలు పడుతుంటుంది. తలుపు గంట మోగుతుంది, టోనీ తలెత్తుతాడు, పాట ‘డోంట్ స్టాప్’ అంటుంది, తెర నల్లబడిపోతుంది. కేబుల్ పోయిందనుకుని చాలామంది రిమోట్ వెతుక్కున్నారు.

ఈ సీనుకి పెర్రీ సంతకం ప్రసారానికి మూడు రోజుల ముందుగానీ పడలేదు. పాట వాడుకోవాలంటే రాసినవాళ్ల అనుమతి కావాలి. నెత్తుటి సీనుకి తన పాట నేపథ్యం కావడం ఆయనకిష్టం లేదు. ఏం జరగబోతోందో చెప్పాకే ఒప్పుకున్నాడు, ఆ సంగతి గుట్టుగా ఉంచాడు. నా మటుకు, రేడియోలో లోపమనిపించే ఆ ఆలస్యపు పల్లవే ఇక్కడ పనికొచ్చింది. ఏదో రాబోతోందని పాట చివరిదాకా ఊరిస్తూనే ఉంటుంది.

అప్పటికి ఇంటర్నెట్‌లో పాటలమ్మే ఆపిల్ కంపెనీ దుకాణం ఐట్యూన్స్ ఉంది. ఆల్బమ్ మొత్తం కొనక్కర్లేదు, డాలరులోపే ఒక్క పాట వచ్చేస్తుంది. సీను చూసినవాళ్లు ఆ రాత్రే కొనుక్కోవచ్చు. 1981లో ఆ వీలేదీ? 2009 మేలో ‘గ్లీ’ అనే టీవీ సిరీస్ మొదటి ఎపిసోడ్‌లో స్కూలు పిల్లలు ఇదే పాట పాడితే వాళ్ల వెర్షన్ అమెరికాలో 4వ స్థానానికి ఎక్కింది, అసలు పాటను మించి. అదే ఏడాది బ్రిటన్‌లో ‘ఎక్స్ ఫ్యాక్టర్’ టీవీ పాటల పోటీలోనూ పాడారు. దాంతో 62 దగ్గర ఆగిన అసలు పాట 2010లో అక్కడ 6కి చేరింది.

ఈ సందడి మొదలయ్యేనాటికి పెర్రీ బృందంలో లేడు, 1998లోనే తప్పుకున్నాడు. 2007 చివర్లో యూట్యూబ్‌లో ఫిలిప్పీన్స్ గాయకుడు ఆర్నెల్ పినేడా గొంతు విని షాన్ అతణ్ని పిలిపించుకున్నాడు. 2017లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో జర్నీని చేర్చుకున్న రాత్రి పెర్రీ వేదికెక్కాడు, పాత మిత్రులను కౌగిలించుకున్నాడు, కృతజ్ఞతలు చెప్పి దిగిపోయాడు. ఆ పాట మాత్రం పినేడా పాడాడు.