మల్లు గుడ్డకు నూలెక్కడిది?

ఎండాకాలం వచ్చిందంటే మన సీమ ఇళ్లలో పాత మల్లు (పల్చటి నూలు గుడ్డ) పంచెకు తీరిక ఉండదు. మిద్దె మీద వడియాలు పెట్టాలన్నా, ఊరగాయ జాడీకి వాసెన కట్టాలన్నా, పసుపు వస్త్రగాళితం పట్టాలన్నా, చంటిబిడ్డకు పొత్తిగుడ్డ కావాలన్నా అదే. ఉతికేకొద్దీ మెత్తబడే బట్ట మరి. అంగట్లో ఇప్పుడు దొరికేది చాలావరకు మరమగ్గం సరుకు. ఆదోని, నంద్యాల చుట్టూ ఇంత పత్తి పండుతుంటే చేమగ్గానికి సన్న నూలు కరువేమిటన్న ప్రశ్నకు జవాబు పాతదే.

పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అంత కౌంటు. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం. దుప్పటికి 20 చాలు. పల్చటి పంచెకు, చీరకు 80, 100 కావాలి. కర్నూలు నల్లరేగళ్లలో తరతరాలుగా వేసింది ముంగారి లాంటి నాటు పత్తి. వాన తప్పినా తట్టుకుంటుంది గానీ పింజ, అంటే దూది పోగు, పొట్టి. మిల్లు కదురు మీద సన్నగా సాగదు. అలాగని తప్పంతా పింజదే అనలేం. పొందూరులో పొట్టి పింజ కొండపత్తినే చేత్తో 100 కౌంటు వడుకుతారు. పోయింది పత్తి కాదు, వడికే చేతులు.

నేటి కడప, అనంతపురం ప్రాంతాలు 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాయి. ఇక్కడ కలెక్టరుగా చేసిన మన్రో 1813లో పార్లమెంటు కమిటీ ముందు, తన భారతీయ శాలువా ఏడేళ్లు వాడినా చెడలేదని, ఐరోపా శాలువా ఊరికే ఇచ్చినా కప్పుకోనని చెప్పాడు. అదే ఏడు చార్టరు చట్టం ప్రైవేటు వర్తకులకు తలుపులు తీసింది. ముందు మిల్లు గుడ్డ వచ్చింది, వెనకే మిల్లు నూలు. గుడ్డ నేతగాడి గిరాకీని తగ్గించింది. నూలు మాత్రం ఇంటింటా రాట్నం తిప్పే ఆడవాళ్ల పనినే తుడిచేసింది. చేనేత కష్టాల గురించి ఇన్ని మాట్లాడతాం, వాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. నేతగాడు నూలుకు మిల్లు గుమ్మం ఎక్కడం అప్పుడు మొదలైంది.

1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప నేత సహకార సంఘం పెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నూలు ఇప్పించి బట్ట అమ్మిపెట్టే సంఘాలు కొంత ఊపిరి పోశాయి, కానీ నూలు మిల్లుదే. చేమగ్గానికి చిలప నూలు కావాలి, మరమగ్గానికి కోను మీద చుట్టిన నూలు చాలు. మిల్లులు దేశంలో అమ్మే నూలులో సగం చిలపలుగా ఇవ్వాలన్న నిబంధన 40 శాతానికి, 2019లో 30కి దిగింది. 2017 నుంచి నూలుపై 5 శాతం జీఎస్టీ. ధర్మవరం పట్టుకు దొరికే కూలి ముందు సాదా నూలు నేత నిలవడం కష్టమే. ఒంటిమిట్ట దగ్గరి మాధవరంలో మాత్రం సన్న నూలు చీరలు ఇంకా నేస్తున్నారు.

చట్టం అండ లేకపోలేదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద మొదట 22 రకాలు చేమగ్గానికే కేటాయించారు, ఇప్పుడు 11 మిగిలాయి. పంచె వాటిలో ఉంది. అయితే అంచులో ప్రత్యేకంగా డిజైను నేసిన పంచెకే ఆ రక్షణ. సాదా మల్లును మరమగ్గం మీద ఎంతైనా నేసుకోవచ్చు.