బిళ్ళగన్నేరు: అపోహలు – వాస్తవాలు

విజయవాడలో మిద్దె మీద కొత్తగా తోట మొదలుపెట్టేవాళ్ళకి మా నర్సరీలో నేను ముందుగా ఇచ్చేది గులాబీ రంగు బిళ్ళగన్నేరే. ఎండ ఎంత ఉంటే అంత పూస్తుంది. కానీ దాని గురించి జనంలో తిరిగే మాటలే మొక్కనీ, ఒక్కోసారి మనిషినీ దెబ్బతీస్తున్నాయి.

అపోహ: మన ఎండలకి రెండుపూటలా నీళ్ళు పోయాలి.

వాస్తవం: ఈ మొక్క ఎండకి చావడం తక్కువ, నీళ్ళకి చావడం ఎక్కువ. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఆకులు ముడుచుకుంటే కంగారుపడకండి, చల్లబడ్డాక చాలావరకు అవే విచ్చుకుంటాయి. వేలితో మట్టి తడిమి చూసి, పైన అంగుళం మేర పొడిగా ఉంటేనే పోయండి. మట్టి తడిగా ఉన్నా మొక్క వాలిపోయిందంటే వేరు కుళ్ళుతోందని అర్థం. గుంటూరు వైపు నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి కుండీ మట్టిలో మూడో వంతు ఇసుక కలపాల్సిందే.

అపోహ: ఎరువు వేసేకొద్దీ పూలు.

వాస్తవం: యూరియా వేస్తే ఆకే పెరుగుతుంది. నెలకో గుప్పెడు మాగిన పశువుల ఎరువు చాలు.

అపోహ: ఒక్క సీజన్ మొక్క.

వాస్తవం: మంచు కురిసే దేశాల్లో అంతే, చలికి చచ్చిపోతుంది. మనకి ఏళ్ళ తరబడి బతుకుతుంది. కింద కర్రలా బోసిపోతే వానలకి ముందు సగానికి కత్తిరించండి.

అపోహ: పరగడుపున నాలుగు ఆకులు నమిలితే షుగర్ పోతుంది.

వాస్తవం: దయచేసి ఈ పని చెయ్యకండి. షుగర్‌కి పనిచేస్తుందన్న మాట చాలా దేశాల్లో ఉంది. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రవేత్త బృందం దాన్ని పరీక్షించింది. ఆకుల సారం నోటి ద్వారా ఇస్తే ఎలుకల్లో షుగర్ తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్ సోకి చచ్చిపోయాయి. ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది. పిల్లల రక్త క్యాన్సర్‌కి నేటికీ వాడే విన్‌క్రిస్టిన్ కూడా ఈ మొక్కదే. డాక్టర్లు బరువు, ఎత్తు లెక్కగట్టి నరానికి ఎక్కించే మందులున్న ఆకుని కొలత లేకుండా నమలడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఇప్పటికే నములుతున్నవాళ్ళు ఆపేసి డాక్టరుకి చెప్పండి. పసిపిల్లలున్న ఇంట్లో కుండీ ఎత్తులో పెట్టండి.

అపోహ: పూలు ఆకుపచ్చగా వస్తే కొత్త రకం.

వాస్తవం: అది జబ్బు. నువ్వుల పంట వేసే రైతులు వెర్రి తెగులు అంటారే, ఆ కోవదే. ఆకుల రసం పీల్చే దోమ (మనల్ని కుట్టేది కాదు, పైరు మీద ఉండే చిన్న పురుగు) దీన్ని మొక్క నుంచి మొక్కకి మోస్తుంది, మందు కొట్టినా నయం కాదు. వేరుతో సహా పీకి కాల్చెయ్యండి. పక్క కుండీల్లో చిగురు చిన్నదై గుత్తులుగా వస్తోందేమో కొన్ని వారాలు చూస్తుండండి.