పటిక బకెట్ ఏ లెక్కలోకి వస్తుంది?

తాగునీటి ఇంజినీర్లకు నల్గొండ అంటే ఊరు పేరు కాదు, ఒక పద్ధతి పేరు. కెన్యా, టాంజానియా, ఇథియోపియాల దాకా ‘నల్గొండ టెక్నిక్’ అనే మాట వెళ్లింది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లలోనే చాలామందికి ఆ సంగతి తెలియదు.

మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు పడతాయి. ఆ తర్వాత కీళ్లు బిగుసుకుంటాయి, నడుము వంగిపోతుంది. మునుగోడు, మర్రిగూడ వైపు నలభై ఏళ్లకే కర్ర పట్టుకున్నవాళ్లను చూసినవాళ్లకు దీన్ని వివరించి చెప్పక్కర్లేదు.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. అదే నల్గొండ టెక్నిక్. బకెట్ నిండా బోరు నీళ్లు తీసుకుని అందులో కాస్త సున్నం, ఆ తర్వాత కరిగించిన పటిక వేయాలి. ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా కలపాలి. చూస్తుండగానే నీళ్లలో దూది పింజల్లాంటి తెల్లటి తెట్టెలు కడతాయి. అది అల్యూమినియం హైడ్రాక్సైడ్. ఫ్లోరైడ్‌ను పట్టుకుని మెల్లగా అడుక్కి దిగుతుంది. గంట సేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు వంచుకోవాలి. పటిక, సున్నం ఎంతెంత వేయాలన్నది ఆ ఊరి నీళ్లను బట్టి మారుతుంది. లోపాలు కూడా ఉన్నాయి: అడుగున మడ్డి చాలా మిగులుతుంది, పాళ్లు తప్పితే నీళ్లలో అల్యూమినియం ఉండిపోతుంది. అయినా కరెంటు లేని ఊళ్లో, కిరాణా కొట్లో దొరికే సరుకుతో చేసుకోగలిగిన పని ఇది.

ఇప్పుడు దేశం లెక్క చూద్దాం. ఒక ఇంట్లో రోజూ క్యాన్ నీళ్లు కొంటారు. పెద్దాయన నొప్పి మాత్రలు వేసుకుంటాడు, నెలకోసారి హైదరాబాద్ ఆసుపత్రికి వెళ్లొస్తాడు. క్యాను, మాత్రలు, బస్సు టికెట్, డాక్టర్ ఫీజు అన్నీ జీడీపీలో కలుస్తాయి. పక్కింటివాళ్లు బకెట్‌లో పటిక కలుపుకుని ఆరోగ్యంగా ఉన్నారు. వాళ్ల వైపు నుంచి లెక్కలో కలిసేది కాస్త పటిక, కాస్త సున్నం ధర. మిగిలిన డబ్బు వాళ్లు ఇంకో దానికి ఖర్చు పెడతారు కదా అనొచ్చు. నిజమే, పెడతారు. కానీ అప్పుడు లెక్కలో కనిపించేది వాళ్లు కొన్న సైకిలో, గేదెనో. ఆ డబ్బు మిగలడానికి కారణమైన తెలివి ఏ గడిలోనూ కనిపించదు.

కారణం సులువే. జీడీపీ ధర ఉన్నవాటిని కూడుతుంది. పటిక వాడితే అయిపోతుంది, మళ్లీ కొనాలి. పటిక ఎలా వాడాలన్న తెలివి అయిపోదు. టాంజానియాలో ఒకామె నేర్చుకుంటే మర్రిగూడలో తరగదు. తెలివికి ఉన్న ఈ గుణాన్నే ఆర్థికవేత్త పాల్ రోమర్ 1990లో తన వృద్ధి సిద్ధాంతానికి పునాదిగా పెట్టుకున్నాడు. 2018లో ఆయనకు నోబెల్ వచ్చింది.

జాతీయాదాయ లెక్కకు రూపం ఇచ్చిన సైమన్ కుజ్నెట్స్ 1934లో అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలోనే, ఈ అంకెతో ప్రజల క్షేమాన్ని అంచనా వేయలేమని హెచ్చరించాడు. 1949లో మహలనోబిస్ అధ్యక్షతన మన జాతీయాదాయ కమిటీ ఏర్పడితే, దానికి సలహాదారుల్లో కుజ్నెట్స్ కూడా ఒకరు. లెక్క మనదాకా వచ్చింది. హెచ్చరికను మాత్రం మనం పెద్దగా పట్టించుకోలేదని నాకు బాధ.

1957లో ఆర్థికవేత్త రాబర్ట్ సోలో ఇంకో సంగతి బయటపెట్టాడు. 1909 నుంచి 1949 దాకా అమెరికాలో గంట పనికి వచ్చే ఉత్పత్తి రెట్టింపయింది. అందులో యంత్రాలు, పెట్టుబడి పెరగడం వల్ల వచ్చింది ఎనిమిదింట ఒక వంతే. మిగతా ఏడు వంతులనూ ఆయన సాంకేతిక మార్పు ఖాతాలో వేశాడు. నిజానికి అది నేరుగా కొలిచింది కాదు, తెలిసినవన్నీ తీసేశాక మిగిలింది. ఇంత పెద్ద భాగం ‘మిగులు’ అనే పేరుతోనే బతకాల్సి వచ్చింది.

ఆ తర్వాత కొంత దిద్దుబాటు జరిగింది. 2008 అంతర్జాతీయ లెక్కల పద్ధతిలో పరిశోధన ఖర్చును పెట్టుబడిగా చూడడం మొదలైంది. మన దేశం 2015లో విడుదల చేసిన కొత్త జీడీపీ శ్రేణి ఆ పద్ధతిని తీసుకుంది. ఇది మంచి అడుగే. అయితే ప్రభుత్వ ల్యాబులో జరిగిన పరిశోధనకు విలువ కట్టేది దానికైన ఖర్చుతోనే: జీతాలు, పరికరాలు, కరెంటు బిల్లు. కనిపెట్టింది లక్షల మందికి పనికొచ్చినా, బీరువాలో మూలుగుతున్నా, ఖర్చు ఒకటే అయితే విలువా ఒకటే.

జీతం లేని పరిశోధకుడి సంగతి ఇంకా కష్టం. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం వాళ్లమ్మ ఆసు పోసేది. ఒక్క పోచంపల్లి చీరకు దారాన్ని మేకుల చుట్టూ దాదాపు 9,000 సార్లు చేత్తో అటూ ఇటూ తిప్పాలి. నాలుగైదు గంటల పని. భుజం పడిపోయేది. ఆరో తరగతితో చదువు ఆపేసిన కొడుకు 1992లో మొదలుపెట్టి, అప్పులు చేసి, విఫలమై, మళ్లీ విప్పి బిగించి, 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. ఇప్పుడు అదే పని గంటన్నర. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడేళ్లలో కొన్న మోటార్లు, ఇనుప ముక్కలు లెక్కలోకి వచ్చి ఉంటాయి. ఏ మరను ఎక్కడ పెడితే దారం తెగుతుందో ఆయన నేర్చుకున్నది రాలేదు. వేల మంది ఆడవాళ్ల భుజాలకు దొరికిన సుఖమూ రాలేదు. పరిశోధన గణాంకాలు సేకరించేవాళ్లు సంస్థలను, కంపెనీలను అడుగుతారు, శారాజీపేటలో ఒక ఇంటి తలుపు తట్టరు.

తెలివి పోయినప్పుడూ ఇదే తీరు. మునుగోడుకు కాస్త అవతల పుట్టపాకలో తేలియా రుమాలు నేస్తారు. ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో దారాన్ని రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెడతారు. రంగు లోపలిదాకా పట్టేది అందుకే. బట్టకు ఆ నూనె వాసన వస్తుంది కాబట్టే ఆ పేరు. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. మగ్గం పాతబడితే నికర లెక్కల్లో తరుగుదల రాస్తారు. దారాన్ని వేళ్ల మధ్య నలిపి ‘ఇంకో రోజు నాననీ’ అని చెప్పగలిగే ముసలాయన పోయిన రోజున మాత్రం, ఆ లెక్కల్లో ఒక్క రూపాయి కూడా తగ్గదు.