అపోహలు - వాస్తవాలు: గూడు కెమెరాలో తల్లి పక్షి కనపడకపోతే...

గూళ్ల దగ్గర కెమెరాలు బిగించడం, వచ్చిన ఫుటేజ్ చూసి క్లిప్పులు కట్ చేయడం నా పని. హైదరాబాద్‌లో ఎండలు ముదిరేసరికి నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకటే మాట: "తల్లి వదిలేసి పోయిందండీ, పిల్ల చచ్చిపోయేలా ఉంది, ఎవరినైనా పంపండి." అందుకే ముందు దీని గురించే రాస్తాను, మిగతావి తర్వాత.

అపోహ: గంటల తరబడి కెమెరాలో తల్లి లేకపోతే గూడు వదిలేసినట్టే.

కాదు. కెమెరా చూపించేది గూటిని మాత్రమే, చుట్టుపక్కలని కాదు. గద్దనే తీసుకోండి. పిల్లల ఒంటిమీద నూగు తప్ప ఏమీ లేనప్పుడు తల్లి దాదాపు కదలదు. అవి కాస్త ఎదిగి, ఒంటి వేడి తామే నిలుపుకోగలిగాక లేచి వెళ్లి ఎదురుగా సెల్ టవర్ మీదో, నీళ్ల ట్యాంకు మీదో కూర్చుంటుంది. అక్కడి నుంచి దానికి గూడు కనిపిస్తూనే ఉంటుంది. మనకే అది కనపడదు.

బార్న్ ఔల్ సంగతి ఇంకా వేరు. అపార్ట్‌మెంట్ డక్టుల్లో, పాత బిల్డింగుల వెంటిలేటర్లలో గుడ్లు పెట్టే ఈ తెల్లముఖం గుడ్లగూబ, పిల్లలకు సుమారు మూడు వారాలు దాటాక పగలు వాటితో ఉండటం మానేస్తుంది. రాత్రి వచ్చి ఎలుకను అందించి వెళ్లిపోతుంది. కూకట్‌పల్లిలో అలాంటి ఒక డక్టులో కెమెరా పెట్టినప్పుడు, రిటైరైన టీచర్‌గారు ఒకరు పగలంతా లైవ్ పెట్టుకుని కూర్చునేవారు. ఓ సాయంత్రం ఫోన్ చేసి ఏడ్చేశారు. "పొద్దుట్నుంచి తల్లి లేదు బాబూ. చిన్నది బోర్లా పడి ఉంది. ప్రాణం పోయిందేమో."

ఆమెను లైన్లోనే ఉంచి ఫుటేజ్ వెనక్కి తిప్పాను. ముందురోజు రాత్రి పిల్లలన్నీ ఒక్కసారిగా బుసకొట్టడం మొదలుపెట్టాయి. ఫ్రేమ్‌కు ఒక రెక్క అడ్డం పడింది. తోక వేలాడుతున్న ఎలుక ఓ పిల్ల నోట్లోకి మారింది. రెక్క మాయం. మొత్తం నాలుగైదు సెకన్లు. టీ పెట్టుకోవడానికి లేచామంటే మిస్సయిపోతుంది. ఇక బోర్లా పడటం అంటారా, గుడ్లగూబ పిల్లలు నిద్రపోయేదే అలా. తల బరువు, మెడకింకా బలం చాలదు. టీచర్‌గారు టెన్షన్ పడ్డారని నేనేమీ అనను. అంత ఆందోళనలోనూ గూటి జోలికి పోకుండా ఫోన్ చేశారు. చేయాల్సింది అదే.

ఇంకోచోట అలా జరగలేదు. నిచ్చెన వేసి పిల్లను దించి, చెప్పుల డబ్బాలో పెట్టి, పాలలో నానబెట్టిన బ్రెడ్డు నోట్లో కుక్కారు. నేను వెళ్లేసరికి ముక్కు రంధ్రాల్లోంచి పాలు కారుతున్నాయి. అది బతకలేదు. పక్షులకు పాలు అరగవు. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుడ్లగూబ పిల్లకు నీళ్లు కూడా విడిగా పట్టనక్కర్లేదు, తిన్న ఎలుకలోంచే తడి అందుతుంది. "వెంటనే గూట్లో పెట్టేయాల్సింది కదా" అంటే వాళ్లన్న మాట: "మనిషి చెయ్యి తగిలింది కదండీ, ఇంక తల్లి రానివ్వదు."

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, దయచేసి ఇంకొకరికి చెప్పకండి. మన చేతి వాసన తగిలిందని పక్షి తన పిల్లను వదులుకోదు. దెబ్బ తగలని పిల్లను గూట్లో పెడితే తల్లిదండ్రులు మళ్లీ మేపుతాయి. బార్న్ ఔల్ పిల్లనైతే పెట్టి తీరాలి, ఎందుకంటే కింద పడిన పిల్లను అవి సాధారణంగా పట్టించుకోవు. రక్తం, వాలిపోయిన రెక్క, పిల్లి పంటి గాటు కనిపిస్తే మాత్రం గాలాడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, వెంటనే అటవీ శాఖకో రెస్క్యూ వాళ్లకో చెప్పండి. ఏమీ తినిపించకండి.

అపోహ: కళ్లముందు పిల్ల చస్తున్నా కదలని కెమెరావాళ్లది రాతిగుండె.

ఈ నింద మామీదే కాదు, అన్నిచోట్లా ఉంది. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ కెమెరాలో 2014లో ఆస్ప్రే అనే చేపల గద్ద తన పిల్లల్నే పొడవడం జనం లైవ్‌లో చూశారు. పిల్లల్ని కాపాడలేదని ఎంత తిట్టిపోశారంటే, మరుసటి ఏడాది అక్కడ కెమెరా ఆపేశారు. ఇక మా గూళ్ల సంగతి. బార్న్ ఔల్ రెండుమూడు రోజులకో గుడ్డు పెడుతూ, మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది. అందుకే పిల్లలు మెట్లలా ఒకదానికంటే ఒకటి చిన్నగా ఉంటాయి. ఎలుకలు తక్కువైతే ఆఖరుది దక్కదు. అది చూడటం మాకూ కష్టమే. చూడలేకపోతే ఆ రోజుకు లైవ్ కట్టేయండి, అందులో తప్పేమీ లేదు.

చిన్నవి కొన్ని. రాత్రి వీడియో కోసం గూట్లో ఫ్లాష్‌లైట్ వేస్తామనుకుంటారు. అది ఇన్‌ఫ్రారెడ్, పక్షి కంటికి కనపడదు. చక్కిలిగిలి పెడితే చేతులెత్తే స్లో లోరిస్ (మన దేవాంగపిల్లి లాంటి జంతువు) వీడియో ముద్దుగా ఉందని ఇప్పటికీ పంపుతున్నారు. అది ముచ్చటపడి ఎత్తడం లేదు, భయపడుతోంది. దాని విషగ్రంథి మోచేతి దగ్గరే ఉంటుంది, చేతులెత్తేది దాన్ని నోటికి అందుకోవడానికే. మాట్లాడే చిలక వీడియో చూసి రామచిలకను కొనాలనుకునేవాళ్లకు: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

అపోహ: లొకేషన్ పెడితే నలుగురూ వచ్చి చూస్తారు, మంచిదే కదా.

కేబీఆర్ పార్కులో నెమళ్లున్నాయని అందరికీ తెలుసు, అది వేరు. గుడ్లగూబ గూటి అడ్రస్ మాత్రం బయటపెట్టకండి. దీపావళికి క్షుద్రపూజల పేరుతో వీటిని పట్టి అమ్మేవాళ్లున్నారు. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అందులోని లొకేషన్ సమాచారం పోతుంది గానీ, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది. వెనకాల అపార్ట్‌మెంట్ పేరు కనిపిస్తే అదీ చాలు. పిల్లలు ఎగరడానికి రెండు నెలలు, మహా అయితే రెండున్నర పడుతుంది. అవి ఎగిరిపోయాకే వీడియో పెట్టండి. అప్పటిదాకా ఆ డక్టులో ప్లంబింగ్ పని పెట్టొద్దని మీ అసోసియేషన్ వాళ్లకు ఇవాళే చెప్పండి.