చెదలూ లంకెబిందెలూ

జిల్లా పేజీలో పాత రికార్డుల వార్త వచ్చిందంటే రెండింటిలో ఒకటి అనుకోవచ్చు. మూలన పడి చెదలు తింటున్న ఫైళ్ల ఫొటో, లేదంటే 'వెలుగులోకి అరుదైన పత్రం'. మొదటిది చూస్తే ఆర్కైవ్స్ అంటే చెత్త, రెండోది చూస్తే లంకెబిందెలు. తేలిగ్గా గుర్తొచ్చేదే ఎక్కువగా జరుగుతుందని మనసు లెక్కేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ 1973లోనే చూపించారు. తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ ఉన్నది హైదరాబాద్ తార్నాకలో. హన్మకొండ నుంచి పనిగట్టుకుని వెళ్లి చూసేవాళ్లు ఎందరుంటారు? పేపర్లో పడ్డ బొమ్మే మనకు దిక్కు.

ఆ రెండు బొమ్మల నడుమ జరిగే పనే అసలు పని. తార్నాకలో షాజహాన్, ఔరంగజేబు కాలపు పత్రాలే లక్షన్నర దాకా ఉన్నాయి. చాలావరకు పారసీ, అదీ గొలుసుకట్టు రాత. ఎవరో ఓపిగ్గా చదివి, తారీఖూ ఊరూ విషయమూ రాసి, నంబరు వేస్తేనే పరిశోధకుడు ఆ నంబరు చెప్పి కాగితం తెప్పించుకోగలడు. మర్నాడు 'కనుగొన్నారు' అంటూ పరిశోధకుడి ఫొటో వేస్తారు. నంబరు వేసినాయన పేరు ఎక్కడా ఉండదు. ఇది అన్యాయమే.

మరమ్మతు సంగతీ అంతే. పెళుసెక్కిన కాగితంలో ఆమ్లం ఉంటే దాన్ని సున్నపు తేటలాంటి క్షార ద్రావణంతో విరుస్తారు. అంతకుముందు తడి బ్లాటింగ్ ముక్కను ఒక అక్షరం అంచున అద్ది చూస్తారు. సిరా కదిలిందా, ఇక నీళ్ల జోలికి పోరు. తర్వాత పిండి జిగురుతో పల్చటి టిష్యూ అతికించి, బరువు కింద ఆరబెడతారు. ఇందులో ఫొటోకు పనికొచ్చేదేముంది!

తమాషా ఏమిటంటే, ఈ వార్త అచ్చయ్యే కాగితమే అన్నిటికంటే అల్పాయుష్షుది. న్యూస్‌ప్రింట్‌లో చెక్కపొడి గుజ్జుతో పాటు, చెట్టులో పోగుల్ని పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం కూడా ఉండిపోతుంది. ఎండా గాలీ తగిలితే పసుపెక్కుతుంది, ఆమ్లం పుట్టి పోగులు తెగుతాయి. మన కోరుట్ల ఒకప్పుడు చేతికాగితానికి పేరు. పట్వారీల లెక్కలు దానిమీదే రాసేవారు. గుడ్డపీలికల నుంచి, నార నుంచి చేసే అలాంటి కాగితంలో పోగులు పొడవు, లిగ్నిన్ తక్కువ. అందుకే వందల ఏళ్లు నిలుస్తుంది.

పాత కాగితం కోసం తిరిగేది చరిత్రకారులేనా? పరకాలలోనో నర్సంపేటలోనో పట్టా పంచాయితీ వస్తే 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి లెక్కల రికార్డు నకలు కోసం, ఉర్దూలో ఉన్న సేత్వార్ అనే పాత సర్వే రికార్డు చదివిపెట్టే మనిషి కోసం రైతు కాళ్లరిగేలా తిరుగుతాడు. పేపర్లో అది భూతగాదా కింద పడుతుంది, రికార్డుల వార్తగా ఎవరూ రాయరు. ఏ రికార్డు ఏ ఆఫీసులో ఉంది, నకలుకు దరఖాస్తు ఎవరికి పెట్టాలి, ఉర్దూ చదివిపెట్టేవాళ్లు ఎక్కడ దొరుకుతారు అని జిల్లా పేజీలో అరకాలమ్ వేస్తే, అరుదైన పత్రం ఫొటో కంటే ముందు దాన్నే కత్తిరించి దాచుకుంటారు.