హెచ్‌ఎంటీ వడ్లు వచ్చిన కథ

చిన్నూకి, బుజ్జికి,

మొన్న ఫోన్లో బుజ్జి అడిగింది కదా, "నానమ్మా, బియ్యం బస్తా మీద హెచ్‌ఎంటీ అని ఉంది, అది తాతయ్య వాచీ కంపెనీ కదా, వాళ్లు బియ్యం కూడా చేస్తారా?" అని. మీ నాన్న పకపకా నవ్వాడు. నవ్వాల్సిన ప్రశ్నేం కాదది. ఫోన్లో చెప్తే సగంలో కార్టూన్లకు లేచిపోతారని రాస్తున్నాను.

ఆ బియ్యం వాచీ కంపెనీది కాదు. దాదాజీ రామాజీ ఖోబ్రాగడే అనే రైతుది. నాగపూర్ రైల్లో కాగజ్‌నగర్ దాటాక బల్లార్షా వస్తుంది, గుర్తుందా? వడాపావ్ కావాలని చిన్నూ ఏడ్చిన స్టేషను. అది మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా. ఆ జిల్లాలోనే నాగ్‌భీడ్ తాలూకాలో నాందేడ్ అనే పల్లె ఉంది, ఆయనది ఆ ఊరు. గురుద్వారా ఉన్న పెద్ద నాందేడ్ వేరు. ఆయన దళిత రైతు, చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఉన్న భూమి కూడా చాలా కొంచెం.

ముందు మీకు కేళీ అంటే ఏమిటో చెప్పాలి. చేనంతా ఒకే రకం వరి వేసినా, ఎక్కడో ఒక మొక్క ఎత్తుగానో పొట్టిగానో, గింజ రంగు వేరుగానో వస్తుంది. దాన్నే కేళీ అంటాం. పక్క రకం పుప్పొడి ఎప్పుడైనా పడి ఉండొచ్చు, లేదా మొక్కలోనే ఏదో మార్పు వచ్చి ఉండొచ్చు. విత్తనానికి పెంచే చేలో అయితే కేళీలను కనబడగానే పీకేస్తారు. పెళ్లైన కొత్తలో నా పని అదే. మోకాళ్ల లోతు బురదలో వరసలో నడుస్తూ, తేడాగా కనిపించినదాన్నల్లా పీకి ఒడ్డు మీదకి విసిరేయడం. ఎన్ని పీకానో లెక్కే లేదు. ఒక్కదాన్నీ ఆగి చూసిన గుర్తు లేదు.

ఆయన ఆగి చూశాడు. 1983లో ఆయన పొలంలో పటేల్-3 అనే రకం ఉంది. అందులో రెండు మూడు కంకులు పసుపు ఛాయలో తేడాగా కనిపించాయి. పీకి పారేయకుండా వాటి గింజలు విడిగా దాచాడు. మరుసటి ఏడు పొలం మధ్యలో చిన్న మడి కట్టి అందులో చల్లాడు. అడవిపందులు తొక్కకుండా చుట్టూ ముళ్లకంప వేశాడు. ఆ మడి ఎంతో తెలుసా? మన వంటింట్లో బియ్యం డబ్బా, స్టవ్ బండ ఉన్న మూల ఉంటుందే, అంత. పండిన గింజల్లో మంచివి ఏరి మళ్లీ చల్లాడు. వరి తన పుప్పొడితోనే గింజ కట్టుకుంటుంది కాబట్టి, అలా ఏళ్ల తరబడి ఏరుతూ పోతే ఆ గుణం స్థిరపడుతుంది. చెప్పడానికి రెండు ముక్కలే. చేయడానికి ఏళ్లు పట్టింది. ఇవి పండుతాయో లేదో చెప్పేవాళ్లు కూడా ఎవరూ లేరు.

పండాయి. సన్న గింజ, వండితే రుచి. 1990 ప్రాంతంలో ఆ ఊళ్లో పొలాలున్న ఒక ఆసామి విత్తనం కొనుక్కెళ్లి నాలుగెకరాల్లో వేశాడు. దిగుబడి చూసి మురిసిపోయి మార్కెట్‌కి తీసుకెళ్తే, రకం పేరేంటని వ్యాపారి అడిగాడు. పేరు ఉంటే కదా! అప్పట్లో హెచ్‌ఎంటీ వాచీ అంటే అందరికీ మోజు, మీ తాతయ్యకు పెళ్లిలో పెట్టిందీ అదే. ఆ పేరే వడ్లకి తగిలించారు. అలా ఆ విత్తనం చేతులు మారుతూ మన వైపూ వచ్చింది, ఛత్తీస్‌గఢ్‌కీ, ఒడిశాకీ పోయింది. పండించిన మనిషి పేరు మాత్రం ఆ పల్లె దాటలేదు.

తర్వాత జరిగిందే నాకు మింగుడుపడదు. 1994లో సిందేవాహిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు ఆయన దగ్గర ఐదు కిలోల విత్తనం తీసుకెళ్లారు. 1998లో ఆ కేంద్రాన్ని నడిపే అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయం, అంటే పంజాబ్‌రావ్ కృషి విద్యాపీఠ్, పొట్టిగా పీకేవీ, తన పేరుతో పీకేవీ-హెచ్‌ఎంటీ అని రకం విడుదల చేసింది. మేం దాన్ని శుద్ధి చేశాం అన్నారు. చేశారనే అనుకుందాం. చేటలో బియ్యం చెరిగి రాళ్లు తీసినంత మాత్రాన ఆ వడ్లు నేను పండించానని చెప్పుకుంటానా?

ఆయన మాత్రం మళ్లీ పొలానికే పోయాడు. కొడుకు వైద్యానికి భూమి అమ్ముకోవాల్సి వచ్చినా, చుట్టాలిచ్చిన చెక్కలో ఇంకో ఏడెనిమిది రకాలు తీశాడు. ఒకదానికి డీఆర్‌కే అని తన పేరులోని అక్షరాలే పెట్టుకున్నాడు. ఈసారి పేరు పెట్టే పని వ్యాపారికి వదల్లేదని నాకు సంతోషం.

బిరుదులూ వచ్చాయి. 2005లో అబ్దుల్ కలాం గారి చేతుల మీదుగా అవార్డు అందుకున్నాడు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన బంగారు పతకాన్ని డబ్బు అవసరమై అమ్మబోతే, అందులో బంగారం నాసిరకమని తేలింది. పేపర్లలో కూడా వచ్చింది.

చివరి రోజుల్లో పక్షవాతం వచ్చింది. 2018 జూన్ 3న గడ్చిరోలిలో, డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు నడిపే ఆసుపత్రిలో పోయారు. ఎనభైకి దగ్గరపడిన వయసు. ఆ పూట మనింట్లో కూడా హెచ్‌ఎంటీ అన్నమే వండాను. ఆయన సంగతి నాకు మర్నాడు పేపర్ చూసేదాకా తెలియదు.

దసరాకి వస్తారుగా, అప్పటికి మన చేను కంకి వేసి ఉంటుంది. బావి పక్క మడిలో ఎర్ర ఛాయ కంకి ఒకటి ఇప్పుడే తల ఎత్తింది. మీ తాతయ్య పీకబోతే వద్దన్నాను. పాత చీర పీలిక కట్టి గుర్తు పెట్టాను.

మీ నానమ్మ